మొగమాటపు సభలు

పెద్దలయెదుట నప్రియము పలుకరాదనుట మన యిండ్లలో మర్యాద. ఆ మర్యాదయే కంపెనీల డైరెక్టర్ల సభలకును ప్రాకినది.

2008 డిసెంబరు 16వ తేదీన హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సువారి సభ, అధ్యక్షులైన రామలింగరాజుగారి కుమారులు నడపు మేటాస్ సంస్థలను కంపెనీ సొమ్ముతో గొనుటకు ఏకగ్రీవముగా సమ్మతించెను. హార్వర్డు ఆచార్యుడును ఆ డైరెక్టర్లలో నొకడు! సందేహములు పలికినవారు లేకపోలేదు; "వలదు" అన్నవారే లేరు. ఆ మాట వాటాదారు లనిరి. మరునాటికే బేరము రద్దయ్యెను. 2009 జనవరి 7వ తేదీన రాజుగారే లేఖ వ్రాసి, లెక్కలలో జూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని యొప్పుకొనిరి.

దొంగలెక్కలను కనిపెట్టలేదని మేము డైరెక్టర్లను నిందింపము. కాని కొనువాడు తండ్రి, అమ్మువారు ఆయన కుటుంబమువారు, సొమ్ము పరులది. ఇది కన్నులయెదుటి చిక్కు గాదా? (ఇంగ్లీషు లిపిలో సత్యమును వెనుకనుండి చదివిన మేటాస్ అగును. పేరే చెప్పుచుండెను!) ఎదుట గూర్చున్నవాని మొగము చూచి, ఎదుట లేని వాటాదారుని మరచుట సౌజన్యమా?

2013 నాటి కంపెనీల చట్టము, స్వతంత్ర డైరెక్టర్లు ఏట నొకసారియైనను యాజమాన్యము లేకుండ గూడవలెనని విధించినది. ఆ కూటమిలో తొలుత అధ్యక్షుని బంధువులతోడి బేరములనుగూర్చియే యడుగుడని మేము కోరుచున్నాము.