తాళంచెవి ఇవ్వండి, కాగితం తీసుకోండి

పత్తి విత్తనం మొలవకపోతే మనం ముందు వెతికేది ఏంది? బిల్లు, ఖాళీ ప్యాకెట్టు, దాని మీది లాట్ నంబరు. ఆ మూడూ చేతిలో ఉంటే వ్యవసాయ శాఖ దగ్గరకు పోయినా, కంపెనీ మనిషిని నిలదీసినా మన మాట నిలబడుతుంది. లేకుంటే "మా విత్తనమే వేసినావని రుజువేదీ" అంటాడు. నంద్యాల చుట్టుపక్కల విత్తన వ్యాపారం చూసిన రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ వారం చెప్పబోయేది విత్తనం గురించి కాదు, బండి గురించి. అయితే అక్కడ అక్కరకొచ్చే తెలివే ఇక్కడా కావాలి.

ఆళ్లగడ్డ, శిరివెళ్ల, చాగలమర్రి, దొర్నిపాడు వైపు ఏ పల్లెకు పోయినా ఇప్పుడు నాలుగైదు పికప్పులో, చిన్న ట్రక్కులో కనబడతాయి. రెండు మూడెకరాల సేద్యంతో ఇల్లు గడవని రైతు ఫైనాన్సులో బండి తీసుకుంటాడు. తన పంట తోలుకుంటాడు, మిగతా రోజుల్లో నలుగురి బాడుగలు తోలి కిస్తీ కట్టుకుంటాడు. ఆ బండి ఒక్కరోజు నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఇక బండి బ్రేకో స్టీరింగో దారిలో మొండికేస్తే పోయేది కూలి ఒక్కటే కాదు. వెనక సంచుల మీద కూలి ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని వచ్చే అలవాటు మనకుంది కదా. అది తప్పని తెలిసీ మానలేదు.

అటువంటి బండి యజమానికి ఒకరోజు ఫోన్‌లో సందేశం వస్తుంది. "మీ వాహనంలో ఫలానా భాగాన్ని పరిశీలించి అవసరమైతే ఉచితంగా మారుస్తాం, దగ్గరలోని డీలరును సంప్రదించండి" అని. దీన్నే రీకాల్ అంటారు. ఫ్యాక్టరీలో కొన్ని వారాలో నెలలో తయారైన బండ్లలో ఏదో భాగం సరిగా బిగించలేదనో, ఆ భాగమే నాసిగా వచ్చిందనో తరువాత తేలుతుంది. అప్పుడు కంపెనీ ఆ తేదీల మధ్య తయారైన బండ్లన్నిటినీ వెనక్కి పిలుస్తుంది. చెడ్డ లాట్ విత్తనాన్ని దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నట్టే అనుకోండి. ఇక్కడ లాట్ నంబరు బదులు ఛాసిస్ నంబరు.

ఇదేదో కార్లలో తిరిగే వాళ్ల గొడవ అనుకోవద్దు. 2020 జనవరికీ 2021 ఫిబ్రవరికీ మధ్య తయారైన పికప్పుల్లో ఒక ద్రవం పైపు బిగింపు అనుమానంగా ఉందని 2021 జూలైలో మహీంద్రా కంపెనీ 29,878 బండ్లను పిలిచింది. 2022 సెప్టెంబరులో మారుతి తన సూపర్ క్యారీ చిన్న ట్రక్కుల్లో 5,002 బండ్లను పిలిచింది. డ్రైవరు పక్క సీటు బెల్టు పట్టుకునే చోట బోల్టు బిగువు చూడాలని. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ కోసం 2,36,966 మోటారు సైకిళ్లను పిలిచింది. ఒక బోల్టు, ఒక పైపు, ఒక కాయిల్. చూస్తే చిన్నవే.

బండిని వెనక్కి పిలిచిన కంపెనీని చూసి నవ్వేవాళ్లున్నారు. నా దృష్టిలో పిలిచిన కంపెనీయే మేలు. తప్పు దాచిపెట్టి, బండి తగలబడినప్పుడు "డ్రైవరు సరిగా తోలలేదు" అనేవాడితో పోలిస్తే వీడు నయం. మన దేశంలో చాలాకాలం దీనికి చట్టమే లేదు. 2012 జూలైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ తనకు తానుగా ఒక నియమావళి పెట్టుకుంది, అంతే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షను చేర్చారు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినాయి. ఏడేళ్లు దాటని బండ్లలో ప్రమాదకరమైన లోపం ఉందని తేలితే, కంపెనీ తనంతట తాను పిలవకపోయినా కేంద్ర ప్రభుత్వం ఆదేశించి పిలిపించవచ్చు. అట్లా పిలిపించాల్సి వస్తే బండ్ల లెక్కను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. కాబట్టి ఉచితంగా చేస్తామంటున్నది మన మీద దయతో కాదు. బెరుకు లేకుండా అడగవచ్చు.

అయితే ఆ పని చేసేది కంపెనీ కాదు, షోరూం. అసలు చిక్కు అక్కడే.

మా చిన్నాయన సంగతి చెప్తాను. బండి కంపెనీ పేరు, షోరూం పేరు, అది ఏ ఊళ్లో ఉందో ఇక్కడ వద్దు. వడ్ల కోతలకు ముందు ఆయన ఫోన్‌కు సందేశం వచ్చింది. వెనక చక్రం దగ్గర ఒక బోల్టు చూడాలని. చదువుకున్న పిల్లోడితో చదివించుకుని, తెల్లారుజామున లేచి షోరూంకు పోయినాడు. కౌంటరు దగ్గర అబ్బాయి మర్యాదగానే "కూర్చో పెద్దాయనా" అని తాళంచెవి తీసుకున్నాడు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి "రేపు రాండి" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం బండి ఇచ్చినారు, దాంతోపాటు 3,800 రూపాయల బిల్లు. ఆయిల్ మార్చినారట, ఫిల్టరు మార్చినారట, బ్రేకులు శుభ్రం చేసినారట. "ఉచితమన్నారు కదప్పా" అంటే "అది ఉచితమే, ఇవి మాత్రం వేరే" అన్నారు. అప్పు తెచ్చి కట్టి వచ్చినాడు.

ఇంటికి వచ్చినాక ఆ బిల్లు నేను చూసినాను. ఆయిల్ ఉంది, ఫిల్టరు ఉంది, కూలి ఉంది. ఏ పని కోసం పిలిచినారో ఆ బోల్టు మాట ఎక్కడా లేదు. చేసినారా, మరిచిపోయినారా? కాగితం మీద లేనిది ఎవరిని అడగాలి?

దీంట్లో షోరూం వాళ్లంతా దొంగలని చెప్పడం లేదు. వాళ్ల లెక్క ఎట్లుంటుందో తెలుసుకుంటే మన జాగ్రత్త మనకు అర్థమవుతుంది. రీకాల్ పనికి డబ్బు ఇచ్చేది కంపెనీ. పనికి ఇంత సమయమని, ఇంత కూలి అని కంపెనీయే కట్టి ఇస్తుంది. మామూలు సర్వీసులో మన దగ్గర వసూలు చేసేదాంతో చూస్తే అందులో మిగిలేది తక్కువ. అందుకని ఉచిత పనికి వచ్చిన బండిని వెనక వరుసలో పెట్టాలనీ, వచ్చింది కదా అని నాలుగు పైసలు వచ్చే పని తగిలించాలనీ ఆశ పుడుతుంది. ఎరువుల బస్తాతో పాటు అక్కరలేని సీసా అంటగట్టే దుకాణాలు చూసినవాళ్లమే కదా మనం.

మరి షోరూంకు పోకుండా మన ఊరి మెకానిక్ దగ్గర చేయించుకుంటే? చాలామంది అదే అంటారు. ఊరి మెకానిక్‌ను నేను తక్కువ చేయను. అర్ధరాత్రి పొలం గట్టున బండి ఆగితే వచ్చేది అతనే, షోరూం మేనేజరు రాడు. కానీ ఈ ఒక్క పనికి మాత్రం అతను పనికిరాడు. రీకాల్ భాగం కంపెనీ తన డీలర్లకే పంపుతుంది. అతను బయట కొని వేస్తే డబ్బు మనది, పైగా అది సవరించిన భాగమో పాతదేనో తెలియదు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం మన ఛాసిస్ నంబరు ఎదుట పని కాలేదనే ఉంటుంది.

అందుకే నా మాట, పనిని షోరూంకు అప్పగించండి, నమ్మకాన్ని మాత్రం కాగితానికి ఇవ్వండి.

ఎట్లాగంటే, బయలుదేరే ముందు ఫోన్ చేసి ఛాసిస్ నంబరు చెప్పండి. అది ఆర్.సి. మీద ఉంటుంది. ఈ నంబరుకు రీకాల్ పని పెండింగులో ఉందా, వేయాల్సిన భాగం మీ దగ్గర ఉందా అని రెండే ప్రశ్నలు అడగండి. భాగం రాలేదంటే పోవద్దు, ఒకరోజు డీజిలూ బాడుగా మిగులుతాయి. కంపెనీ ఉచిత ఫోన్ నంబరుకు చేసినా ఛాసిస్ నంబరును బట్టి చెప్తారు. పోయినాక తాళంచెవి ఇచ్చేముందు జాబ్ కార్డు రాయించండి. అందులో మొదటి వరుస రీకాల్ పనే కావాలి, దాని పేరుతో సహా. "ఇది తప్ప వేరే పని నా అనుమతి లేకుండా చేయవద్దు" అని అందులోనే రాయించి, ఆ తరువాతే సంతకం పెట్టండి. తెలుగులో రాసినా చెల్లుతుంది. రాయడం రాకపోతే పక్కనున్న వాళ్లతో రాయించండి, నామోషీ ఏమీ లేదు. ఖాళీ కార్డు మీద సంతకమో వేలిముద్రో పెట్టమంటే మాత్రం పెట్టవద్దు. ఖాళీ ప్రోనోటు మీద పెడతామా?

"మీ బండికి వారంటీ అయిపోయింది, డబ్బు కట్టాలి" అని ఎవరైనా అంటే తల ఊపకండి. రీకాల్‌కూ వారంటీకీ సంబంధం లేదు. తప్పు ఫ్యాక్టరీలో జరిగింది. అలాగే "రీకాల్ కోసం ఓ.టి.పి. చెప్పండి, ముందుగా ఇంత పంపండి" అని ఫోన్ వస్తే అది కంపెనీ ఫోన్ కాదు, పెట్టేయండి.

పాత భాగం సంగతి ఒకటుంది. మామూలు రిపేరులో మన డబ్బుతో మార్చిన పాత సామాను మనది, అడిగి తెచ్చుకోవచ్చు. రీకాల్‌లో మాత్రం పాత భాగాన్ని లెక్క కోసం కంపెనీకి చూపించాల్సి ఉంటుంది కాబట్టి ఇవ్వమనవచ్చు. ఇవ్వకపోతే పోనీ, చూపించమనండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. బండి తీసుకునేటప్పుడు ఫలానా రీకాల్ పని ఫలానా తేదీన పూర్తయిందని, రుసుము సున్నా అని రాసిన బిల్లు తీసుకోండి. సున్నా బిల్లు ఎందుకంటారేమో. పని చేయకుండానే మీ ఛాసిస్ నంబరు మీద అయిపోయిందని ఎక్కిందనుకోండి, ఆ తరువాత ఏ షోరూంకు పోయినా "మీది ఎప్పుడో అయిందే" అంటారు. అప్పుడు మీకు అండ ఆ తేదీ, ఆ సంతకం, ఆ ఫొటోనే.

అసలు సందేశమే రాని వాళ్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. మన వైపు బండ్లు సగానికి సగం చేతులు మారినవే. ఫైనాన్సు వాళ్లు గుంజుకుపోయి అమ్మినవి కొన్ని, బంధువుల దగ్గర నోటిమాట మీద కొన్నవి కొన్ని. కంపెనీ దగ్గర ఉండేది మొదట కొన్నవాడి ఫోన్ నంబరు. ఆయన ఎక్కడో ఉంటాడు, సందేశం చూసి "అమ్మేసినాం కదా" అని తుడిపేస్తాడు. అమెరికాలో రీకాల్ చట్టం 1966 నుంచి ఉంది. అక్కడ కూడా తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు పగిలి ఇరవై మందికి పైగా చనిపోయినారు. వాళ్లలో కొందరి కార్లను అప్పటికే వెనక్కి పిలిచి ఉన్నారు, మరమ్మతు మాత్రం కాలేదు. ఇటువంటివి ఎక్కువగా పాతబడి చేతులు మారిన కార్లలోనే మిగిలిపోతాయి. అంత పెద్ద దేశంలోనే అట్లుంటే మన సంగతి చెప్పేదేముంది. బండి కొన్న 30 రోజుల్లో ఆర్.సి. మన పేరుకు మార్చుకోవాలని చట్టం చెప్తోంది. మార్చుకోండి. ఆ వెంటనే కంపెనీకి ఫోన్ చేసి ఛాసిస్ నంబరు చెప్పి, ఈ బండి ఇప్పుడు నాది, నా నంబరు ఇదని రాయించండి. పదినిమిషాల పని.

కంపెనీలకూ ఒక మాట. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్ల పైమాట. రుద్రవరం అవతలి పల్లెల నుంచి అయితే రానూపోనూ రోజు గడుస్తుంది. ఆ డీజిలు, ఆ రోజు బాడుగ ఎవరిస్తారు? తప్పు మీది, రోజు మాది. పశువైద్యులు ఊళ్లో శిబిరం పెట్టి గాలికుంటు టీకాలు వేస్తున్నప్పుడు, బోల్టు బిగించే పనికి ఒక మెకానిక్‌నూ ఒక పెట్టె సామానునూ ఆళ్లగడ్డ మార్కెట్ యార్డుకు ఒకరోజు పంపలేరా? ఒకరు అడిగితే పలకరు. ఒకే కంపెనీ బండ్లున్న పదిమంది ఛాసిస్ నంబర్లు ఒక కాగితం మీద రాసి పంపితే ఆలోచిస్తారు. కోతలు మొదలు కాకముందే ఆ పని చేయండి.

ఇంత చేసినా మాట వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే ఇప్పటి చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఎక్కడో ఉందని భయపడనక్కరలేదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. బండి లోపం ప్రాణం మీదికి వచ్చేదైతే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో కూడా రాయించండి, మీ సేవా కేంద్రంలో కుర్రవాళ్లు చేసిపెడతారు.

చిన్నాయన మళ్లీ పోయినాడు. ఈసారి పాత బిల్లు, ఫోన్‌లో వచ్చిన సందేశం రెండూ కౌంటరు మీద పెట్టి "దీంట్లో ఆ బోల్టు యాడుందో చూపించప్పా" అన్నాడు. లోపల నుంచి మేనేజరు వచ్చినాడు. కంప్యూటరులో చూసి, పని ఇంకా పెండింగులోనే ఉందని ఒప్పుకున్నాడు. గంటన్నరలో అయిపోయింది. ఆ గంటన్నరా ఆయన కుర్చీలో కూర్చోలేదు, తువ్వాలు భుజానేసుకుని బండి పక్కనే నిలబడినాడు. సున్నా రూపాయల బిల్లు ఇప్పుడు ఆయన పాస్ పుస్తకం కవరులో ఉంది. కట్టిన 3,800 మాత్రం తిరిగి రాలేదు. ఆ రోజు కార్డు మీద సంతకం ఆయనదే.