పగడాల మరణ వాంగ్మూలం

గ్రేట్ నికోబార్ దీవి కొసన ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ 1972లో వెలిగినప్పుడు గట్టు మీదే ఉంది. 2004 తర్వాత దాని పాదాలు నీళ్లలో ఉన్నాయి. భూతాపం మీద ఉపన్యాసం ఇచ్చేవారికి ఇంతకంటే మంచి ఫొటో దొరకదు. చిక్కల్లా ఒక్కటే, అది భూతాపం పని కాదు. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపంలో ఆ తీరం 4.25 మీటర్లు కిందికి దిగింది. అదే కుదుపుకు ఉత్తర అండమాన్ పైకి లేచింది. అక్కడి పగడపు దిబ్బలు కొన్నిచోట్ల మీటరుకు పైగా నీటి బయటకొచ్చి ఎండకు మాడి చచ్చాయి.

వాతావరణం మారడంలో మనిషి పాత్ర లేదనే వారికి ఈ కథ మహా ఇష్టం. 'భూమి లేస్తుంది, కుంగుతుంది, సముద్రం వస్తుంది, పోతుంది, మధ్యలో మనమెంత?' అంటారు. అవతలి పక్షమూ తక్కువ తినలేదు. సునామీకి సైతం భూతాపాన్నే ముద్దాయిని చేసిన ఉపన్యాసాలు అప్పట్లో బాగానే విన్నాం. రెండూ తప్పే. చావుకు కారణం రాయాలంటే ముందు శవాన్ని చూడాలి.

అండమాన్ పగడాలు మరో రకంగానూ చస్తున్నాయి. నేల కదల్లేదు, నీరు తగ్గలేదు, అయినా తెల్లబడిపోతున్నాయి. పగడం రంగు నిజానికి దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచుది. పగడానికి తిండిలో సింహభాగం పెట్టేది కూడా ఆ నాచే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. మిగిలేది తెల్లటి సున్నపు ఎముక. నీరు త్వరగా చల్లబడితే బతుకుతుంది, లేకపోతే లేదు. 1998లో ఇదే జరిగింది. 2010 వేసవిలో మళ్లీ జరిగింది. ఆ మే నెలలో హావ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) దగ్గర శాస్త్రజ్ఞులు చూసిన పగడాల్లో దాదాపు 70 శాతం తెల్లబడ్డాయి. 2016లో మరోసారి. ఇప్పుడు మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు వేడిని చూసి, ఏ దిబ్బకు ముప్పుందో ముందే హెచ్చరికలు పంపుతోంది. ఇది ఎక్కడో దూరపు దీవుల గొడవ అనుకునేవారికి ఒక లెక్క: 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వెళ్లి వేట మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. దిబ్బ చస్తే దాన్ని నమ్ముకున్న చేప ఉండదు.

సంశయవాదుల చేతిలో ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1998, 2010, 2016 మూడూ ఎల్‌నినోతో ముడిపడ్డవే. ఎల్‌నినో మనిషి సృష్టి కాదు, కర్మాగారాలు పుట్టకముందూ ఉంది. నిజమే. కానీ అటక అందని మనిషికి ఈ రోజు అందిందంటే, రాత్రికి రాత్రి పొడుగు పెరిగాడని కాదు, కాళ్ల కింద ఎవరో పీట వేశారని. ఎల్‌నినో పాతదే. పీట కొత్తది.

పీట వేసిందెవరు? సూర్యుడా అంటే, 1970ల చివర్నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి, సూర్యుడి వేడి పెరగలేదు. పైగా వేడి పెంచింది సూర్యుడే అయితే పై వాతావరణమూ వేడెక్కాలి. అది చల్లబడుతోంది. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలతలు మొదలైనప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 315 ఉన్న కార్బన్ డయాక్సైడ్, 2024 నాటికి 420 దాటింది. ఆ అదనం ఎక్కడిదో కర్బనమే చెబుతుంది. బొగ్గు, పెట్రోలులోని కర్బనానిది కాస్త తేలిక రకం. అది గాలిలోకీ, గాలి నుంచి సముద్రంలోకీ చేరుతుంది. పగడాలు చెట్ల వలయాల్లా ఏటేటా పొరలు కడతాయి. అనేక సముద్రాల్లో ఆ పొరలను కోసి చూస్తే, పారిశ్రామిక యుగంలో ఈ తేలిక కర్బనం పెరుగుతూ వచ్చింది. హతుడే వాంగ్మూలం రాసిపెట్టి పోయాడన్న మాట.

ఐపీసీసీ తప్పులు చేయలేదా? చేసింది. హిమాలయ హిమానీనదాలు 2035కల్లా మాయం కావచ్చని 2007లో రాసి, 2010లో నాలుక కరుచుకుంది. అప్పుడు ఆ లెక్కను నిలదీసిన కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లినవారే. నిలదీయడం సబబే. అయితే కరణం ఒక సర్వే నంబరు తప్పు రాశాడని ఊరే లేదంటామా? అదే ఐపీసీసీ 2021లో, భూమిని వేడెక్కించింది మనిషేననడంలో సందేహానికి తావే లేదని తేల్చింది.

ఇంతటితో ఆగితే ఢిల్లీకి చాలా సుఖం. పాపమంతా ప్రపంచపు పొగదే అయితే స్థానికంగా అడిగేవాడుండడు. గ్రేట్ నికోబార్‌లో మొదట 72,000 కోట్ల రూపాయలుగా లెక్కగట్టిన ఓడరేవు, విమానాశ్రయం, పట్టణాల పథకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. దాని కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లిస్తారు. బదులు చెట్లు నాటేది హర్యానాలో! రేవు వచ్చేది గలాతియా అఖాతంలో, పెద్ద తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే చోట. ఆ దీవి చుట్టూ ఉన్న పగడాల్లో 16,150 సమూహాలను పెకలించి వేరే చోట నాటుతామని ప్రభుత్వం చెప్పింది. ఏ చోటైనా అది వేడెక్కుతున్న ఈ సముద్రంలోనే.

2004లో నేల కుంగి ఊళ్లు పోయిన అక్కడి నికోబారీలను క్యాంప్‌బెల్ బే దగ్గరి పునరావాస కాలనీల్లో పెట్టారు. పాత ఊళ్లకు పోతామని వారు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పథకానికి తామిచ్చిన సమ్మతిని వారి గిరిజన మండలి 2022 నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. భూకంపాన్ని వారు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఈ ఉత్తరం మాత్రం ప్రభుత్వానికే రాశారు.