చిల్లర బేరం

కొత్తవాడలో ఆటో మాట్లాడుకోవడమంటే చిన్న పంచాయితీ.

"స్టేషన్‌కొస్తవా అన్నా?"

"కూసోండ్రి. అరవై ఇయ్యిండ్రి."

"అరవైయా! గింత దూరానికి గంతనా? నలభై ఇస్త."

"గ్యాస్ రేటు ఎట్లున్నదో మీకెరుక లేదా అక్కా? యాభై ఇయ్యిండ్రి, పోదాం."

యాభైకి తెగుతుంది. పది మిగిలిందని ఆమెకు సంతోషం. పది దక్కిందని అతనికి సంతోషం. అదే అక్క కూతురు ఫోన్ తీసి యాప్‌లో ఆటో పిలిస్తే తెరమీద ఏ అంకె కనిపిస్తే అదే ఖాయం. నాలుగు చినుకులు రాలితే ఆ అంకె పైకెగబాకుతుంది. అయినా ఇంట్లో ఎవరూ నోరెత్తరు. అడగడానికి అవతల ఎవరున్నారు గనక!

కొత్తవాడ మగ్గాల పేట. ఇక్కడ నేసే జంపఖానాలవల్లే వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేసిన సరుకు మూటగట్టి బయటికి చేర్చాలంటే ఒకప్పుడు రిక్షా, తర్వాత ఆటో. "మూట కాళ్లకాడ పెట్టుకుంట" అంటే "సరే, జరుగుండ్రి" అని సర్దుకునే బండి అది. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లనూ ఒక్క ఊరుగా కుట్టిన సూది షేర్ ఆటోయే అంటాను నేను. దాన్ని ఏ ప్రభుత్వమూ ప్రారంభించలేదు, ఎవరూ రిబ్బన్ కత్తిరించలేదు. సీటుకింత అని జనానికే తెలుసు. అందులో బేరం లేదు. చదువు రాకపోయినా, చేతిలో ఫోన్ లేకపోయినా చెయ్యెత్తితే ఆగుతుంది. ముగ్గురికి పర్మిట్ ఉన్న బండిలో ఏడుగురిని కుక్కడం తప్పే. డ్రైవర్ పక్కన సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని వెళ్లినవాళ్లెవరూ దాన్ని పొగడరు. కానీ ఆ తప్పు మీదే బోలెడు సంసారాలు గడిచాయి.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మంచి పని. కూలికి పోయే తల్లికి నెలకు మిగిలే ఆ డబ్బు విలువ లెక్కలేసే వాళ్లకన్నా ఆమెకే బాగా తెలుసు. అయితే షేర్ ఆటోలో సగం సీట్లు ఆడవాళ్లవే. ఆటోవాళ్లు రోడ్డెక్కి ధర్నాలు చేశారు. వాళ్ల ఏడుపులో అబద్ధం లేదు.

మరోపక్క నుంచి యాప్‌లు వచ్చాయి. ఓలా 2010లో పుట్టింది. ఊబర్ 2013లో బెంగళూరులో దిగింది. 2015లో మొదలైన ర్యాపిడో బైకు వెనక సీటునే బాడుగకిచ్చింది. వీటిలో మంచి లేదనను. రాత్రి పదకొండింటికి రైలు దిగిన ఆడపిల్లకు డ్రైవర్ పేరు, బండి నంబరు ఫోన్‌లో ఉండటం ఎంత ధైర్యమో కన్నవాళ్లను అడగాలి. ఊరికి కొత్తయితే చాలు రెండింతలు అడిగే ఆటోవాళ్లూ మనకు తెలుసు. "అటు రాను" అన్న మాట విని విసిగిపోయే జనం యాప్ వైపు తిరిగారు.

చిక్కల్లా ఆ అంకెతోనే. రద్దీ వేళ మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లకు మించి తీసుకోరాదని 2020లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 2025 జులైలో వాటినే సవరించి రెండింతల దాకా పోవచ్చంది. 2025లోనే ఊబర్ ఆటోల దగ్గర కమీషన్ మానేసి, డ్రైవర్ నుంచి చందాలాగా రుసుము తీసుకునే పద్ధతికి మారింది. తాము చూపే ధర సూచన మాత్రమే, మిగతాది మీరూ డ్రైవరూ మాట్లాడుకోండని చెప్పింది. అంటే ఇంత సాంకేతికతా చుట్టూ తిరిగి తిరిగి "ఎంతిస్తవ్?" దగ్గరికే చేరింది! కాకపోతే ఇప్పుడు నడుమ చందా పుచ్చుకునే పెద్దమనిషి ఒకరున్నారు.

అంతకన్నా చిత్రం, ముందస్తు టిప్పు. బండి రాకముందే ఇంత అదనంగా ఇస్తానంటే బండి త్వరగా దొరుకుతుందట. దీనిమీద 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఊబర్‌కు నోటీసిచ్చింది. వెనకట మనం ధర తగ్గించమని బేరమాడేవాళ్లం. ఇప్పుడు ఎవరూ అడక్కుండా మన ధర మనమే పెంచుకుంటున్నాం. వేలంపాటలో ఒంటరిగా నిలబడి మనమీద మనమే పాడుకుంటున్నట్టు!

ఉచిత బస్సు సంగతి పూర్తి కాలేదు. జీరో టికెట్ చేతబట్టుకుని వంద కిలోమీటర్లు పైసా ఖర్చు లేకుండా వెళ్లిన అమ్మ, బస్టాండులో దిగి మరుగుదొడ్డికి పోతే గుమ్మంలోనే చెయ్యి అడ్డం. ఐదు రూపాయలు. మగవాళ్లకు ఏ గోడో దొరుకుతుంది, అది వేరే రోత. ఆడవాళ్లకు ఆ ఐదూ తప్పదు. కొన్నిచోట్ల గోడమీద మూత్రవిసర్జన ఉచితమని రాసే ఉంటుంది. ఆ రాతకు సరిగ్గా కిందే బల్ల వేసుకుని వసూలు చేస్తారు.

డబ్బు తీసుకోవడమే తప్పనడం లేదు. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థను పెట్టి, 1974లో పాట్నాలో డబ్బు కట్టి వాడుకునే మరుగుదొడ్లు తెరిచినప్పుడు దానికి పైసలెవరిస్తారని నవ్వినవాళ్లున్నారు. జనం ఇచ్చారు. ఎందుకంటే లోపల నీళ్లున్నాయి, శుభ్రంగా ఉంది. ఇచ్చిన చిల్లర ఎక్కడికి పోతుందో కళ్లెదుటే కనబడింది. ఇప్పుడు చాలాచోట్ల కాంట్రాక్టరుదే పెత్తనం. ఐదిచ్చినా గొళ్లెం ఉండదు, మగ్గు ఉండదు. మన కోపమంతా బల్ల దగ్గర కూర్చున్న ముసలమ్మ మీద. "గింత కంపుకు ఐదు రూపాలా?" అని ఆమెతోనే గొడవ. గొళ్లెం పెట్టించాల్సినవాడి పేరేమిటో, ఆఫీసు ఎక్కడో, టెండరులో ఏం రాసుకున్నారో ఎవరం అడగం. కాంట్రాక్టరు పేరు, ఫోన్ నంబరు, రేటు పెద్దక్షరాల్లో గోడమీద రాయించడానికి ఎంత సున్నం కావాలి?

ఇప్పుడు ఆ బల్లల మీదికి కూడా ఫోన్‌పే స్కానర్లు వచ్చేశాయి. చిల్లర లేదనే సాకు మనకూ పోయింది. ఐదు రూపాయలు కొట్టగానే పక్కనున్న చిన్న డబ్బా గట్టిగా అరుస్తుంది, ఐదు రూపాయలు అందాయని. ముసలమ్మ తలెత్తి లోపలికి పొమ్మని చెయ్యూపుతుంది. ఆ డబ్బు చేరే ఖాతా ఆమెది కాదు.