సైనైడ్ దిబ్బ అనకండి

కోలారు బంగారు గనుల ఊళ్ళలో ఎవరినడిగినా ఆ బూడిదరంగు గుట్టల్ని ‘సైనైడ్ దిబ్బలు’ అనే అంటారు. తెలుగువాళ్ళమూ అంటాం, తమిళులూ అంటారు, కన్నడిగులూ అంటారు. మూడు భాషలవాళ్ళం కలిసి వాడుతున్న పేరు అది. ఆ పేరు తప్పనీ, ఆ తప్పువల్ల మనకే చేటనీ నా వాదన. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక వ్యాసం కొంచెం పాఠంలా సాగుతుంది. పాఠకులు ఓర్చుకోవాలని మనవి.

ముందు ఆ దిబ్బ ఏమిటో చూద్దాం. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ ఆ పని ఆపేసింది. ఈ నూట ఇరవై ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చిందని లెక్క. రాతిని మరల్లో పిండిగా దంచి, ఆ పిండిని సైనైడ్ నీళ్ళలో కలిపితే బంగారం కరిగి నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళలోంచి బంగారం తీసుకుని, మిగిలిన పిండిని బయట పోశారు. ఆ పోసిన పిండి ఈనాడు 13 దిబ్బలు, వెయ్యి ఎకరాల పైచిలుకు నేల, దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు. ఆషాఢమాసపు పడమటి గాలి లేచినప్పుడు ఆ పిండి మన అన్నం కంచాల్లో పడుతుంది.

ఈ దిబ్బలకు ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది. వాటిని తవ్వి మిగిలిన బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. సగటున టన్నుకు గ్రాము బంగారం కూడా లేదు. అయినా నేటి ధరకు గిట్టుబాటు అవుతుందని ఆశ.

పేరు సంగతికి వస్తాను. సైనైడు అంటే కార్బనమూ నత్రజనీ కూడిన పదార్థం. ఎండ తగిలితే విరుగుతుంది, గాలిలో కలుస్తుంది, సూక్ష్మజీవులు దాన్ని తిని జీర్ణం చేసుకుంటాయి. ఇనుముతో గట్టిగా ముడిపడ్డ కొంత భాగం చాలాకాలం నిలుస్తుంది గాని, దానికి విషం తక్కువ. దశాబ్దాలు ఎండలో పడి ఉన్న దిబ్బలో మనం భయపడవలసిన మొదటి శత్రువు సైనైడు కాదు. రేపు ఒక అధికారి వచ్చి, పిడికెడు ఇసుక తీసుకుని, పరీక్ష చేసి, ‘సైనైడు లేదు, నిశ్చింతగా ఉండండి’ అన్నాడనుకోండి. ఆయన అబద్ధమాడినట్టు కాదు. మనం అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. తప్పు ప్రశ్న అడిగినవాళ్ళం మనమే అవుతాం.

అడగవలసినవి వేరే ఉన్నాయి. మొదటిది, పిండిగా నలిగిన చెకుముకిరాయి. ఈ గనుల్లో పనిచేసినవాళ్ళకు సిలికోసిస్ వస్తుందని 1947 నాటికే వైద్యుల రాతల్లోకి ఎక్కింది. రెండవది పాషాణం, అంటే ఆర్సెనిక్. ఇక్కడి పడమటి వైపు సల్ఫైడు పొరల్లో ఆర్సెనోపైరైటు అనే ఖనిజం ఉందని భూగర్భశాస్త్రజ్ఞులు ఎప్పుడో రాశారు. ఆర్సెనిక్ మూలకం. సైనైడులాగా అది విరిగి పోదు, ఏ ఎండా దాన్ని మాయం చేయలేదు. రూపం మార్చుకుంటుంది, అంతే.

ఆ రూపమే అసలు సంగతి. దిబ్బలో ఆర్సెనిక్ ఎంత ఉందో చెప్పే అంకె ఒక్కటీ చాలదు. గాజులాంటి రాతిరేణువు లోపల బందీగా ఉంటే దానివల్ల వచ్చే హాని తక్కువ. తుప్పులాంటి ఇనుప పదార్థానికి పైపైన అంటుకుని ఉంటే, నీటి గుణం మారినప్పుడు ఊడి బావిలోకి దిగుతుంది. సల్ఫైడు ఖనిజాలకు గాలీ నీరూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. పక్కనే సున్నపు జాతి కాల్సైటు తగినంత ఉంటే ఆ ఆమ్లం అణిగిపోతుంది, లేకపోతే లోహాల్ని కరిగించి మోసుకుపోతుంది. ఇవన్నీ సూక్ష్మదర్శిని కింద రేణువు రేణువూ చూసి తేల్చవలసిన విషయాలు. దీన్నే ఖనిజశాస్త్రం అంటారు.

విచిత్రం ఏమిటంటే, బంగారం కావలసినవాడు ఈ పరీక్ష ఎలాగూ చేయించుకుంటాడు. మిగిలిన బంగారం ఏ రేణువులో దాగి ఉందో తెలియనిదే ఒక్క రూపాయి కూడా పెట్టడు. చెకుముకిలో ఇరుక్కుని ఉంటే ఇంకా మెత్తగా నూరాలి, అంటే ఇంకా సన్నని దుమ్ము. ఆర్సెనోపైరైటులో ఇరుక్కుని ఉంటే ఆ ఖనిజాన్ని విచ్ఛిన్నం చేయాలి, అంటే పాషాణాన్ని కట్లు విప్పి వదలాలి. బంగారం లెక్కా విషం లెక్కా ఒకే అద్దం కింద కనబడతాయి. ఒక లెక్క కంపెనీకిచ్చి, రెండోది జనానికి ఇవ్వకపోవడం శాస్త్రం చేతకాకపోవడం కాదు. అది అన్యాయం.

‘పని దొరుకుతుంటే అడ్డుపుల్ల వేస్తావా?’ అంటారు. మారికుప్పం నుంచి తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కే మన పిల్లల్ని నేనూ చూస్తున్నాను. తవ్వవద్దని నేననడం లేదు. జొహానెస్‌బర్గ్ చుట్టూ 1977 నుంచి పాత గని దిబ్బల్ని తవ్వి మళ్ళీ బంగారం తీస్తున్నారు. ఊరి నడుమ దిబ్బలు కొన్ని కరిగి, నేల బయటపడింది. సల్ఫైడుల్ని నురుగు పద్ధతిలో వేరుచేసి విడిగా భద్రపరిస్తే మిగిలిన ఇసుక చాలావరకు సాధువవుతుంది. ఆ మార్గం ఉంది.

కాని రుమేనియాలో బయా మారె పట్టణం కథా చదవండి. అక్కడా పాత దిబ్బల్ని శుద్ధిచేసి బంగారం తీస్తామన్నారు. 2000 జనవరి 30న ఆ కట్ట తెగి, లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీళ్ళు నదుల్లో పడ్డాయి. తీసా నది, దాన్యూబు వరకూ చేపలు చచ్చి తేలాయి. అది పాత దిబ్బలోని సైనైడు కాదు, శుద్ధికోసం కొత్తగా కలిపింది. మన దిబ్బకు ఇవాళ తగని ఆ పేరు, తవ్వకం మొదలైతే రేపు తగవచ్చు.

లెక్క కూడా చూడండి. టన్నుకు 10 లక్షల గ్రాములు. అందులో ఒక గ్రాముకు లోపే బంగారం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటాం. ఎలుక దొరికిందనే అనుకుందాం, మరి కొండను తీసుకెళ్ళి ఎక్కడ పోస్తారు?

కాబట్టి వేలం మాట ఎత్తేముందు మూడు అడగాలి. దిబ్బ దిబ్బకూ ఖనిజాల పూర్తి లెక్క బయటపెట్టాలి. తీసిన తరువాత మిగిలే పిండిని ఎక్కడ, ఎలా ఉంచుతారో, ఎన్నేళ్ళు ఎవరు కాపలా ఉంటారో రాసివ్వాలి. మూడోది భాష. పర్యావరణ ప్రభావ అంచనాపై 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు ముందు నివేదిక సంగ్రహం ఇంగ్లీషులోను, స్థానిక భాషలోను ఉండాలి. స్థానిక భాష అంటే ఇక్కడ కన్నడం అనుకుంటారు. కన్నడం మీద నాకు పేచీ లేదు, మా పిల్లలు చదివేది ఆ భాషే. కాని గని లైన్లలో దుమ్ము పీల్చే ముసలమ్మ మాట్లాడేది తెలుగో తమిళమో. ఆమెకు అర్థంకాని విచారణ విచారణే కాదు.

ఈ రాతిపట్టీ దక్షిణాన చిత్తూరు జిల్లాలోకి సాగుతుంది. బిసానత్తం, చిగురుకుంట గనులు అందులోవే. సరిహద్దు అవతలి తెలుగువారికి కూడా ఇది పరాయి గొడవ కాదు.

ఇక మన రచయితలకు ఒక మాట. గని లోతు మీదా, బంగారం మెరుపు మీదా చాలినంత రాశాం. ఈ పిండి గురించి రాయండి. సల్ఫైడుకూ సైనైడుకూ తేడా తెలిసేలా తెలుగులో రాయండి. దిబ్బలో ఏముందో పరీక్ష తేల్చిన తరువాత, దానికి తగిన పేరు మనమే పెడదాం.