చాకు కొనే ముందు క్లిప్పు చూడండి

మూడు నెలలుగా మా ఇంట్లో ఒక మడత చాకు మీద మాటలు నడుస్తున్నాయి. మూసి ఉన్నప్పుడు నా మధ్యవేలంత ఉంటుంది. రోజంతా నా నడుముకో, నైటీ జేబుకో తగిలించుకుని తిరుగుతుంటాను. "ఇంటి ఇల్లాలి ఒంటి మీద కత్తేంటమ్మా, అరిష్టం కాదూ" అన్నారు మా అత్తయ్యగారు. "ఈ వీధికి రౌడీ షీటర్ లేని లోటు తీరింది" అన్నారు మావారు. ఎదురింటి వదినగారు మాత్రం "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగారు. ఆవిడ కోసమే ఇది రాస్తున్నాను. ఎక్కడ కొన్నానన్నది పెద్ద విషయం కాదు. ఏం చూసి కొనాలన్నది నాకు రెండు చాకులు పాడుబెట్టాక గానీ తెలియలేదు.

ముందు అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. ఉగాది వెళ్లిన వారంలో ఒక సాయంత్రం పూర్ణా మార్కెట్లో సరుకులు కొనుక్కుని మావారి బండి మీద వస్తున్నాం. నేను చుడీదార్ వేసుకుని, అలవాటుగా ఒకపక్కకి కూర్చున్నాను. బండికి చీర గార్డు లేదు. మా మేనల్లుడు ఆ బండిని ఏడాదిపాటు వాడుకున్నప్పుడు, చూడ్డానికి బాగోలేదని పీకించేశాడు. తిరిగి పెట్టించమని నేను చెప్పడం, ఈయన ఆదివారం చూద్దామనడం, ఎన్నో ఆదివారాలు గడిచిపోవడం మీకు వేరే చెప్పక్కర్లేదు.

బీచ్ రోడ్డు మీద చున్నీ కొస వెనక చక్రంలోకి పోయింది. ఎవరో జుట్టు పట్టుకుని గుంజినట్టు మెడ వెనక్కి వంగిపోయింది. అరిచానో లేదో నాకు గుర్తులేదు, ఆయన బ్రేకు వేశారు. జనం మధ్య నెమ్మదిగా పోతున్నాం కాబట్టి ఈ కబురు నేను చెబుతున్నాను. బండి ఆగింది గానీ చున్నీ వదల్లేదు. ఇరుసు చుట్టూ తాడులా పేనుకుపోయింది. ఎడమచేతి వేళ్లు చున్నీకీ గొంతుకీ మధ్య దూర్చి పట్టుకున్నాను. బండి వదిలితే నాతో సహా పడిపోతుంది, అందుకని ఆయన దిగలేరు. నా బ్యాగు ముందు ట్యాంకు మీద ఉంది. అందులో పిన్నీసులున్నాయి, దువ్వెన ఉంది, తలనొప్పి మాత్రలున్నాయి, అడుగున ఎక్కడో చిన్న కత్తెర కూడా ఉంది. ఉండి ఏం లాభం?

కొబ్బరిబోండాల కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు, చేతిలో బోండాలు కొట్టే కత్తితోనే. "కదలకండమ్మా, కళ్లు మూసుకోండి" అన్నాడు. అంత కత్తి మెడ దగ్గరికి వస్తుంటే కళ్లు మూసుకోవడం ఎంత కష్టమో! ఒక్క లాగు లాగాడు, చున్నీ తెగింది. ఆ కుర్రాడికి దణ్ణం పెట్టాను, ఆయన డబ్బులివ్వబోతే తీసుకోలేదు. అక్కడే ఇద్దరం చెరో బోండాం తాగి ఇంటికొచ్చాం.

1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే పేరున్న నర్తకి ఇలాగే పోయింది. మెడలోని పొడుగాటి స్కార్ఫు కారు చక్రంలో చుట్టుకుంది. మన దేశంలో 1989 నాటి మోటారు వాహనాల నియమాల్లో దీనికోసమే ఒక నియమం ఉంది, 123వది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే ఏర్పాటు బండికి ఉండి తీరాలి. చాకు కొనే ముందు చీర గార్డు బిగించుకోండి, అది మొదటి పని. మా బండికి ఆ మర్నాడే బిగింది. ఆదివారం కూడా కాదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. కత్తెర నా దగ్గర ఉంది, కానీ చేతికి అందలేదు. ఒక చెయ్యి గొంతు దగ్గర ఇరుక్కుపోయింది. రెండో చేతికి అందే చోటు ఒక్కటే, నా నడుము. మగవాళ్ల జేబులు సరిగ్గా అక్కడే ఉంటాయి. మన బట్టలకి జేబులుండవు, ఉన్నవాటిలో చిల్లర వేస్తే కిందికి జారిపోతాయి. అందుకే మన సామానంతా బ్యాగులో ఉంటుంది, బ్యాగు ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటుంది.

మడత చాకుకి క్లిప్పు పెట్టడం పాతకాలపు అలవాటు కాదు. స్విట్జర్లాండు వాళ్ల ఎర్ర చాకు 1897 నాటిది, దానికి క్లిప్పు లేదు. ఫ్రాన్సు వాళ్ల చెక్కపిడి ఒపినెల్ అంతకంటే పాతది, 1890 నాటిది, దానికీ లేదు. రెండూ జేబు అడుగున తాళాలతో, చిల్లరతో కలిసి పడుండేవే. 1981లో అమెరికాలో స్పైడర్‌కో అనే కంపెనీ తన మొదటి మడత చాకుకి పక్కన ఒక రేకు క్లిప్పు బిగించింది. ఒక చేత్తో తెరుచుకోవడానికి బ్లేడులో గుండ్రటి బెజ్జం పెట్టింది కూడా వాళ్లే. జేబు అంచున పెన్నులా నిలబడుతుంది, చెయ్యి వేస్తే వేళ్లకి తగులుతుంది. ఇప్పుడు మడత చాకు చేసేవాళ్లలో చాలామంది ఆ క్లిప్పు పెడుతున్నారు.

కొత్తగా కనిపెట్టారని వాళ్లు అనుకోవచ్చు. మా అమ్మమ్మ నడుము చూసుంటే అనుకునేవారు కాదు. ఆవిడ తాళాల గుత్తికి వెడల్పాటి వెండి కొక్కెం ఉండేది. దాన్ని కుచ్చిళ్ల పక్కన బొడ్లో దోపుకునేది. గాదె గది తాళం, భోషాణం తాళం, అన్నీ అక్కడే గలగలమనేవి. వంగినా లేచినా పరిగెత్తినా ఒక్కరోజు పడిపోలేదు. అది క్లిప్పు కాక మరేమిటి? అదీ ఎటువంటి క్లిప్పు? చీర పోగు లాగకుండా నున్నగా అరగదీసినది, కొస లోపలికి వంచినది. ఆ కంసాలికి చీర సంగతి తెలుసు. చాకుల కంపెనీలకి జీన్సు ప్యాంటు సంగతే తెలుసు. గొడవంతా ఇక్కడే వచ్చింది.

మొదటి చాకు ఆన్‌లైన్లో కొన్నాను. బొమ్మలో బాగుంది, ధరా బాగుంది. క్లిప్పు ఎంత బిగువంటే, తగిలించడానికే రెండు చేతులు కావాలి. పైగా క్లిప్పు కింద పిడి ఆకురాయిలా గరుగ్గా ఉంది. తడిచేతిలో జారకుండా అలా చేస్తారట. మందపాటి జీన్సుకి అది హాయి. నా రేయాన్ కుర్తీ జేబు అంచుని మాత్రం వారంలో పీచుపీచు చేసేసింది. తీసినప్పుడల్లా గుడ్డని గీకుతుంది మరి. అందుకని చాకు చేతిలోకి తీసుకోగానే క్లిప్పు కింద వేలు పెట్టి తడమండి. అక్కడ నున్నగా ఉండాలి. మిగతా పిడి ఎంత గరుగ్గా ఉన్నా ఫరవాలేదు.

రెండోదానికి బిగువు సరిపోయింది, పిడి నునుపు. అయితే క్లిప్పుని పిడి మధ్యలో బిగించారు. అందువల్ల చాకులో మూడోవంతు జేబు బయట తల ఎత్తుకుని ఉంటుంది. రైతుబజారులో బెండకాయలు ఏరుకుంటుంటే పక్కావిడ నా నడుము వంక చూసి రెండడుగులు జరిగింది. దానికంటే పెద్ద బాధ క్లిప్పు కొస. గుడ్డ సులువుగా దూరడానికి ఆ కొసని కాస్త పైకి లేపుతారు. దీనికి మరీ లేపారు. ఒక పెళ్లిలో పంక్తి మధ్యనుంచి వెళ్తుంటే ఎవరిదో నెట్ చున్నీ దానికి పట్టుకుంది. చున్నీ నుంచి తప్పించుకోవడానికి కొన్న చాకు ఇంకొకరి చున్నీ పట్టుకుందంటే ఏమనాలి! ఆవిడ మంచిది కాబట్టి నవ్వి ఊరుకుంది.

మూడోసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు. పాత కుర్తీ ఒకటి, లంగా ఒకటి సంచిలో పెట్టుకుని సామాన్ల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన మొదట వింతగా చూశాడు గానీ, తర్వాత తనే సరదాపడి అరలోంచి ఒక్కొక్కటీ తీసి ఇచ్చాడు. తీసుకున్నది మందపాటి తీగని హెయిర్‌పిన్నులా వంచి చేసిన క్లిప్పు ఉన్నది. రేకు క్లిప్పుకంటే తీగ మెత్తగా వంగుతుంది, గుండ్రంగా ఉంటుంది కాబట్టి పోగు లాగదు. పిడి చివరికంటా ఉండడంతో చాకు మొత్తం లోపలికి దిగుతుంది. బయటికి అర అంగుళం తీగ కనిపిస్తుంది, చూసినవాళ్లు పెన్ను అనుకుంటారు.

చీర కట్టుకున్న రోజు లంగా బొందు దగ్గర కుడిపక్కకి తగిలిస్తాను. అక్కడ గుడ్డ మడతలు మూడు నాలుగుంటాయి, కాబట్టి మరీ మెత్తటి క్లిప్పు పనికిరాదు, కొంచెం సాగే గుణం ఉండాలి. నడుముకి ముందు వద్దు. కూర్చున్నప్పుడు పొట్టలో గుచ్చుతుంది. నైటీ జేబుకైతే బరువు ముఖ్యం. యాభై గ్రాములు దాటిన చాకు పెడితే నైటీ ఒకపక్కకి వేలాడుతుంది. నవ్వకండి, రోజులో సగం మనం నైటీలోనే ఉంటాం, చాకుతో పనిపడేదీ అప్పుడే. నూనె ప్యాకెట్టు, పాల ప్యాకెట్టు, బియ్యం బస్తా కుట్టు, పార్సెళ్ల టేపు, పిల్లల కొత్త బట్టల ట్యాగులు. పళ్లతో కొరికే పని నాకు పూర్తిగా తప్పింది. మా పళ్ల డాక్టరుగారు చదువుతుంటే సంతోషిస్తారు.

ఒక జాగ్రత్త. మూసిన చాకులో బ్లేడు మొన పైకి ఉండేలా కొన్ని క్లిప్పులు పెడతారు, కిందికి ఉండేలా కొన్ని. పైకి ఉంటే తీయగానే ఒక చేత్తో తెరవడం సులువు, నాది అదే. కానీ మూత బిగువు లేకపోతే జేబులోనే కొద్దిగా తెరుచుకుంటుంది, చెయ్యి పెడితే వేలు తెగుతుంది. కొట్లోనే మూసిన చాకుని మొన వైపు కిందికి పట్టుకుని గట్టిగా విదిలించి చూడండి. బ్లేడు కదిలిందంటే అది వద్దు. తెరిచాక కూడా వేళ్ల మీదికి మడవకుండా తాళం పడాలి. క్లిప్పుని పట్టి ఉంచేవి ఆవగింజంత మరలు. కొన్నాళ్లకి వదులవుతాయి. నేను మరకి గోళ్లరంగు ఒక చుక్క వేసి బిగించాను, ఇంకా కదల్లేదు. బ్లేడు స్టెయిన్‌లెస్ తీసుకోండి. మామిడికాయ, నిమ్మకాయ కోసే ఇళ్లలో మామూలు ఉక్కు నల్లబడి తుప్పు పడుతుంది. మొన సూదిగా కాకుండా మొద్దుగా ఉన్నదే ఎంచుకున్నాను. మెడ దగ్గర గుడ్డ కోయాల్సి వస్తే మొన దేనికి?

ఈ మాట మీదే మావారితో పెద్ద వాదన జరిగింది. "మొన లేని కత్తితో ఎవడిని బెదిరిస్తావు?" అన్నారు. ఎవరినీ బెదిరించను. 2013 జనవరిలో ముంబైలో ఒక రాజకీయ పార్టీ ఆడవాళ్లకి ఆత్మరక్షణ కోసమని కత్తులు పంచింది. ఆడదాని చేతిలో కత్తి అనగానే మనకి తట్టేవి రెండే, ఒకటి వంటిల్లు, రెండోది మానభంగం. ఈ రెంటి మధ్యా బోలెడు జీవితం ఉంది. నాకంటే బలమున్నవాడి ముందు మడత చాకు తీస్తే అది వాడి చేతికి పోయే అవకాశమే ఎక్కువ. అలాంటి ధైర్యం చెప్పి మన పిల్లలకి చాకులు అమ్మడం నాకు నచ్చదు. ఇది పనిముట్టు, కత్తిపీటకి చెల్లెలు. ఆయుధాల నియమాల్లో కూడా 9 అంగుళాల కంటే పొడవు, 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల గురించే పట్టింపు, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు. నాది రెండుంబావు అంగుళాలు. విమానంలో మాత్రం చేతిసంచిలో పట్టుకెళ్లనివ్వరు, పెట్టెలో వేసి లగేజీలో ఇవ్వాలి. పిల్లల బడికీ దాన్ని తీసుకెళ్లను.

అన్నట్టు, చురుకైన మగపిల్లాణ్ణి మనం చాకులాంటి కుర్రాడంటాం. చాకులాంటి పిల్ల అని ఎప్పుడైనా విన్నారా? బీఏలో మూడేళ్లు తెలుగు చదివినా నాకు తగల్లేదు.

అత్తయ్యగారి మాటకి వద్దాం. అరిష్టమన్నారు కదా. మా పెద్దది పుట్టినప్పుడు నా మంచం కింద ఇనప కత్తి పెట్టించి, పదకొండు రోజులూ తీయనివ్వనిది ఈవిడే. ఆ మాట గుర్తుచేస్తే "అది వేరు" అన్నారు. కత్తి చేతికివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలన్నది కూడా ఆవిడ నేర్పిందే. అది మాత్రం పాటిస్తాను, వేళ్లకి మంచిది.

కిందటి వారం ఆవిడ మాత్రల అట్ట చింపలేక తంటాలు పడుతుంటే చాకు తెరిచి పక్కన బల్ల మీద పెట్టాను. ఏమీ అనకుండా తీసుకున్నారు. పని అయ్యాక మూయడం తెలియక నన్ను పిలిచారు. మూడోరోజుకి మూయడం వచ్చింది. నిన్న "దీనికి ఆ తీగ అటువైపు పెట్టరా?" అని అడిగారు. ఆవిడది ఎడమచేతి వాటం. నా చాకుకి మరల బెజ్జాలు ఒక పక్కనే ఉన్నాయి. రెండువైపులా బెజ్జాలుండి క్లిప్పు అటూ ఇటూ మార్చుకునేవి దొరుకుతాయి. ఈసారి ఆవిడ నేతచీర ఒకటి సంచిలో వేసుకుని కొట్టుకి వెళ్లాలి.