పెరట్లో ఒక్క గంజాయి మొక్క ఉన్నా కేసే: హెంప్ సాగు మాటలు నమ్మే ముందు రైతు తెలుసుకోవాల్సినవి

ఈమధ్య ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. ఇంట్లో కుండీలో గంజాయి మొక్క ఎలా పెంచాలో, ఎకరాకు ఎంత మిగులుతుందో చెప్పే వీడియోలవి. వాటి వెనకే ‘హెంప్ సాగుకు విత్తనం మాదే, పంట కొనేదీ మేమే’ అంటూ ఫోన్లు చేసేవాళ్లు బయల్దేరారు. చేతిలో పెట్టుబడి లేక, వేసిన పంటకు ధర రాక ఉన్న రైతుకు ఈ మాటలు ఆశ పుట్టిస్తాయి. అందుకే మన దగ్గర చట్టం ఏం చెబుతోందో, ఎవరికి ఎక్కడ అనుమతి ఉందో, మీ పొలంలో ఇలాంటి మొక్క కనిపిస్తే ఏం చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ వీడియోలు ఏ దేశానివి?

ఇంట్లో పెంచుకోవచ్చని చెప్పే వీడియోల్లో చాలావరకు విదేశాలవే. కెనడాలో 2018 అక్టోబరు నుంచి చాలా ప్రాంతాల్లో ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవారు ఒక్కొక్కరు మూడు మొక్కలు పెంచుకోవచ్చు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధిత జాబితా నుంచి తీసేసింది. మూడేళ్లకే, 2025 జూన్‌లో, వైద్యుడి చీటీ ఉంటేనే గంజాయి పువ్వు అమ్మాలని మళ్లీ కట్టడి పెట్టింది. ఇవన్నీ ఆ దేశాల చట్టాలు. వాటిలో ఏ ఒక్కటీ మన ఊళ్లో మనల్ని కాపాడదు.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అమల్లో ఉంది. దీన్నే ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు. అనుమతి లేకుండా గంజాయి మొక్కను సాగు చేయడం నేరమని 8వ సెక్షన్ చెబుతోంది. 20వ సెక్షన్ ప్రకారం సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇన్ని మొక్కలలోపు అయితే ఫర్వాలేదన్న మినహాయింపు చట్టంలో లేదు. పెరట్లో ఒక మొక్క పెంచినా, పొలంలో ఎకరం వేసినా వర్తించే సెక్షన్ అదే.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ‘కిలో లోపు అయితే చిన్న కేసే కదా’ అనే మాట ఊళ్లలో వినిపిస్తుంటుంది. ఆ కిలో లెక్క గంజాయి దగ్గర ఉంచుకోవడానికి, అమ్మడానికి, రవాణాకు సంబంధించింది. దానికీ ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. సాగుకు ఆ లెక్కతో పని లేదు. ‘పశువుల మందుకు వేశాను, పూజకు పెంచాను’ అంటే కూడా తప్పించుకోలేరు.

మరో విషయం. హెంప్ గింజను, గింజ నూనెను ఆహారంగా అమ్ముకోవడానికి ఆహార భద్రత సంస్థ 2021లో కొన్ని పరిమితులతో అనుమతి ఇచ్చింది. అది తినే సరుకుకు ఇచ్చిన అనుమతి. ఆ గింజ కొని తెచ్చి మొలకెత్తించమని కాదు. నాటితే అది సాగు కిందికే వస్తుంది.

హెంప్ సాగుకు అనుమతి ఎక్కడ ఉంది?

హెంప్ కూడా గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ అందులో చాలా తక్కువగా ఉంటుంది, అంతే తేడా. నార కోసం, గింజ కోసం దీని సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చని చట్టంలోని 14వ సెక్షన్‌లో ఉంది. దాని ఆధారంగా ఉత్తరాఖండ్ 2018లో టీహెచ్‌సీ 0.3 శాతం మించకూడదన్న షరతుతో లైసెన్సులు మొదలుపెట్టింది. హిమాచల్ ప్రదేశ్ 2023లో దీనిపై కమిటీ వేసింది. 2025 జనవరిలో అక్కడి మంత్రివర్గం రెండు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల ద్వారా ప్రయోగాత్మక అధ్యయనానికి ఒప్పుకుంది. తరతరాలుగా ఈ మొక్క కొండల్లో దానంతట అదే పెరిగే రాష్ట్రం కూడా ఇంత ఆచితూచి అడుగు వేస్తోంది.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో రైతు దరఖాస్తు పెట్టుకుని హెంప్ వేసుకునే విధానం లేదు. కాబట్టి ఎవరైనా ఒప్పంద పత్రం చూపించి సంతకం పెట్టమంటే ఒక్కటే అడగండి: ‘నా సర్వే నంబరుకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఏది?’ కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్‌టీ నంబరు, వేరే రాష్ట్రం లైసెన్సు చూపిస్తే అవి మీ పొలానికి పనికిరావు. విత్తనానికని ముందే డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

లాభం ఎవరిది, కేసు ఎవరిది?

మన్యంలో జరిగింది చూస్తే సంగతి అర్థమవుతుంది. పెట్టుబడి బయటి వ్యాపారిది. విత్తనం ఇస్తాడు, చేతి ఖర్చుకు బయానా ఇస్తాడు, సరుకు ఎత్తుకుపోతాడు. భూమి మాత్రం గిరిజన రైతుది. పోలీసులు వచ్చేసరికి వ్యాపారి ఉండడు, పొలం ఉంటుంది. 2021 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో నాటి విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తెలంగాణలో గంజాయి వేసిన రైతుకు రైతుబంధు ఆపేస్తామని 2021లోనే నాటి ప్రభుత్వం ప్రకటించింది. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు పత్తి, కంది సాళ్ల మధ్య మొక్కలు దొరికి కేసులు అయ్యాయి.

నరికేసిన చోట ఏం వేయాలన్నది అసలు ప్రశ్న. కాఫీ కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఇల్లు గడవకపోతేనే మళ్లీ దళారి గుమ్మం ఎక్కుతాడు. అందుకే ఏజెన్సీ రైతు సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ పెట్టుకుని, మొదటి ఏళ్ల రాబడికి వేరే చెక్కలో పసుపు, అల్లం, రాజ్‌మా చూసుకోవడం మేలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ కొనుగోలుకు గిరిజన సహకార సంస్థ ఉంది. మొక్కలు ఇచ్చి వదిలేయకుండా కాపు వచ్చేదాకా రైతుకు అండగా నిలవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. గ్రామసభలో ఆ మాట గట్టిగా అడగండి.

పేరు చూసి భయపడకండి

పచ్చిరొట్టకు వేసే జనుము సంచి మీద ‘సన్ హెంప్’ అని ఉంటుంది. అది పప్పుజాతి పంట, గంజాయికి చుట్టం కాదు. గోగునార పంట శాస్త్రీయ నామంలోనూ ‘కన్నాబినస్’ అనే మాట ఉంది. ఆకు కాస్త పోలి ఉండటం వల్ల వచ్చిన పేరది. గోగు ఆకు చీలినా ఒకే ఆకుగా ఉంటుంది. పువ్వు బెండ పువ్వులా, మధ్యలో ముదురు ఎరుపుతో ఉంటుంది. గంజాయిలో ఒకే కాడకు అయిదు నుంచి తొమ్మిది వరకు సన్నటి ఆకులు విడివిడిగా, రంపపు పళ్ల అంచుతో ఉంటాయి. జనుము, గోగు నిశ్చింతగా వేసుకోండి. విత్తనం బిల్లు మాత్రం దాచుకోండి.

మీ పొలంలో కనిపిస్తే

• గట్టు మీదో, సాళ్ల మధ్యో అనుమానపు మొక్క కనిపిస్తే వెంటనే పోలీసులకు గానీ ఎక్సైజ్ అధికారులకు గానీ చెప్పండి. 46వ సెక్షన్ ప్రకారం అది భూమి ఉన్నవారి బాధ్యత. తెలిసీ చెప్పకపోతే అదీ శిక్షార్హమే. సర్పంచికి, గ్రామ అధికారులకు కూడా 47వ సెక్షన్ ఇదే బాధ్యత పెట్టింది.
• మీరే పీకి దాచడం, ఎండబెట్టడం చేయకండి. ఫొటో తీసి, ఎప్పుడు ఎవరికి చెప్పారో రాసి పెట్టుకోండి.
• పొలం కౌలుకు ఇస్తే కాగితం రాసుకోండి. ఏ పంట వేస్తారో అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగు హక్కు పత్రం, ఈ-పంట నమోదు చేయించండి. నెలకోసారి పొలం చూసి రండి. తెలిసి ఊరుకున్న యజమానికీ 25వ సెక్షన్ కింద శిక్ష ఉంది.
• సమాచారం ఇవ్వడానికి దేశమంతటా 1933, ఆంధ్రప్రదేశ్‌లో ‘ఈగల్’ విభాగం నంబరు 1972.
• ఇప్పటికే కేసు అయిన చిన్న రైతులు జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

రేపు మన రాష్ట్రాల్లోనూ హెంప్ సాగుకు అనుమతి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే జీవో వస్తుంది, వ్యవసాయ అధికారి మీ ఊరికి వచ్చి చెబుతారు. ఆ రోజు దాకా ఆ విత్తనం మీ గడప తొక్కనివ్వకండి.