కాగితం మచ్చ, మనిషి మచ్చ



మా అమ్మగారికి మిగిలినది ఒక్కటే ఛాయాచిత్రం. నంద్యాల స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ప్రతి. ఇప్పుడు పసుపుబారి, ఒక మూల బూజు పట్టినది. దానిని చూచి పెన్సిలుతో పెద్ద బొమ్మ వేయమని ఇటీవల ఒక చిత్రకారునికి ఇచ్చాను. చీర మడతలు, చెవి కమ్మలు చక్కగా కుదిరినవి. కాని చిన్ననాట అమ్మవారు పోసినప్పుడు బుగ్గలపై మిగిలిన మచ్చలు మాత్రం లేవు. "అందంగా ఉంటుందని తీసేశాను మాస్టారూ" అన్నాడు. బొమ్మను ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే మా చెల్లెలు చూచి, "ఎవరన్నయ్యా ఈమె?" అన్నది.

నా మనవి ఇది. కాగితానికి పట్టిన మచ్చ వేరు, మనిషికి ఉన్న మచ్చ వేరు. మొదటిది తుడవవలసినదే. రెండవది తుడిచే అధికారం చిత్రకారునికి లేదు.

ఫొటో మాత్రం పరమసత్యమా అని అడుగవచ్చు. కాదు. ఎరుపును గ్రహించలేని పాత ఫిలిముల మీద తాంబూలపు పెదవులు ముదురుగా, చామనఛాయ మరింత నల్లగా పడేవి. నెగెటివు మీదనే సన్నని పెన్సిలుతో మచ్చలు పూడ్చడం కూడ స్టూడియోల అలవాటే. మా అమ్మ ఫొటో తీసిన ఆయన ఆ పని చేయలేదు. ఆయనకు ఋణపడి ఉన్నాను. ఫిలిము దోషాన్ని పెన్సిలు సవరించవచ్చు, ఇంటివారిని అడిగి.

ఊహకు చోటే లేదనను. నంద్యాల నుండి అహోబిలం వెళ్లే దారిలో ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. దేవతామూర్తికి ధ్యానశ్లోకం ఆధారం, నాయకుని విగ్రహానికి ఫొటో ఆధారం. ఎదుటి నుండి తీసిన ఫొటోలో వీపు కనబడదు కనుక శిల్పి దానిని ఊహించక తప్పదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విగ్రహాలన్నీ ఊహలే. ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడై అప్పటికి ఎనిమిదేళ్లే. అక్కడ ఊహ లేనిదానిని పూరించింది. మా ఇంట ఉన్నదానిని చెరిపింది. రెండూ ఒకటి కావు.

బొమ్మను తిరిగి ఇచ్చాను. అతడు నొచ్చుకొనక, బుగ్గపై హెచ్‌బి పెన్సిలుతో పలుచగా నీడ వేసి, మెత్తని రబ్బరు మొనతో అక్కడక్కడ అద్ది తీసి, ఆ గుంటలను పలికించాడు. పావుగంట పని. ఈసారి మా చెల్లెలు ఏమీ అడుగలేదు. బొమ్మ ఎదుట చాలాసేపు నిలబడినది.

మీరూ పాత ఫొటో ఇచ్చేటప్పుడు, ఏవి కాగితానివో ఏవి మనిషివో ముందుగా చీటీ వ్రాసి ఇవ్వండి. నేను వ్రాయకపోవడం నా తప్పే. విజ్ఞులు తమ అభిప్రాయం తెలుపగలరు.

స్వస్తి.